యుకులేలే కొత్తగా మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గిటార్‌లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం యుకులేలే. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే దాన్ని బీరువా మీదికి ఎక్కించేస్తారు. ఎందుకని అడిగితే "నా వేళ్లు తిరగవండీ" అంటారు. ఆ వాయిద్యాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే తప్పు ఎక్కువసార్లు వేళ్లది కాదు. తీగలు శ్రుతిలో ఉండవు, లేదా నట్ (మెడ పైకొసన తీగలు ఆనుకునే గాడుల ముక్క) ఎత్తుగా ఉంటుంది. అందుకే ఇక్కడ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) కంటే ముందు వాయిద్యం గురించిన ప్రశ్నలే ఎక్కువ.

ఏ సైజు కొనాలి?

నాలుగు సైజులున్నాయి. సొప్రానో మొత్తం పొడవు సుమారు 21 అంగుళాలు, కన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30. చేతికి తేడా తెలిసేది మాత్రం నట్ నుంచి శాడిల్ (కింది కొసన తీగలు ఆనుకునే సన్న ముక్క) దాకా ఉండే తీగ పొడవులోనే. అది సొప్రానోలో దాదాపు 13 అంగుళాలు, కన్సర్ట్‌లో 15, టెనర్‌లో 17.

పెద్దవాళ్లకు మా సలహా కన్సర్ట్. సొప్రానోలో ఫ్రెట్‌ల (మెడ మీది అడ్డ లోహపు గీతల) మధ్య చోటు తక్కువ కాబట్టి మూడు వేళ్లు ఒకే ఫ్రెట్‌లో పట్టాల్సిన డి మేజర్ లాంటి కార్డ్ దగ్గర వేళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆరేడేళ్ల పిల్లలకైతే సొప్రానోయే సరిపోతుంది. టెనర్ మోత బాగుంటుంది గాని ధర ఎక్కువ, పట్టీ లేకుండా నిలబడి వాయించడం కష్టం. బారిటోన్‌ను మొదటి వాయిద్యంగా కొనకండి. దాని శ్రుతి వేరు (పాశ్చాత్య స్వరాల్లో డి, జి, బి, ఇ), మీరు చూసే పాఠాల్లో సగం దానికి పనికిరావు.

ఎంత ఖర్చు పెట్టాలి?

ఆన్‌లైన్‌లో వెయ్యి, పన్నెండు వందలకు దొరికే రంగురంగుల సొప్రానోలు బొమ్మల కింద లెక్క. వాటిలో కొన్ని ఎంత తిప్పినా శ్రుతిలోకి రావు. మూడు వేల నుంచి ఆరు వేల మధ్య పలికే లామినేట్ (పలచని చెక్క పొరలు అతికించి చేసిన) కన్సర్ట్ మొదటి రెండేళ్లకు చాలు. కేడెన్స్, వాల్ట్, ఎన్యా, కాలా వంటి కంపెనీలవి మన దేశంలో దొరుకుతాయి. కాలా వారి కేఏ-15 వరుస చాలా దేశాల్లో కొత్తవాళ్లు ఎక్కువగా కొనే మోడళ్లలో ఒకటి.

సాలిడ్ టాప్ (పై చెక్క పొరలు లేకుండా ఒకే పలకగా ఉండేది) కావాలా అంటే, మొదటిసారికి వద్దు. అది మోగే తీరు బాగుంటుంది, నిజమే. కాని మన వేసవి పొడికి పగిలే భయం కూడా దానికే ఎక్కువ.

పార్సిల్ విప్పగానే ఏం చూడాలి? వాపసు పంపాల్సినది ఎలా గుర్తుపట్టాలి?

ముందు శ్రుతి చేయండి (పద్ధతి కింద ఉంది). ఆ తర్వాత ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని మూడు పరీక్షలు చేయండి.

మొదటిది 12వ ఫ్రెట్ పరీక్ష. తీగను ఖాళీగా ఒకసారి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి మీటండి. రెండో స్వరం మొదటిదానికి సరిగ్గా పై స్థాయి కావాలి. ట్యూనర్‌లో 10 సెంట్ల (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్‌ల స్వరాల తేడాలో నూరో వంతు) లోపు తేడా ఉంటే సర్దుకోవచ్చు. 20 సెంట్లు దాటితే, అది కొత్త తీగలతో కూడా మారకపోతే, ఆ వాయిద్యం మీద పై ఫ్రెట్‌లలో ఏదీ శ్రుతిగా పలకదు.

రెండోది నట్ ఎత్తు. చవక వాయిద్యాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. తీగలన్నీ శ్రుతిలో ఉన్నప్పుడు రెండో తీగను 1వ ఫ్రెట్‌లో నొక్కండి, ఎఫ్ పలకాలి. ట్యూనర్ ముల్లు 15, 20 సెంట్లు పైకి పోతే నట్ గాడి లోతు చాలలేదన్నమాట. తీగ ఎత్తుగా ఉండడంతో దాన్ని కిందికి నొక్కేటప్పుడు సాగి స్వరం పెరుగుతుంది, వేలూ నొప్పి పెడుతుంది. 1వ ఫ్రెట్ మీద తీగకు, ఫ్రెట్‌కు మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉంటే బాగున్నట్టు. గిటార్లు బాగుచేసే మనిషి చిన్న ఆకురాయితో గాడిని లోతు చేస్తే ఇది కాసేపట్లో తీరిపోయే పని. ఇంట్లో మీరే చేయబోతే మాత్రం ఒక్క రుద్దు ఎక్కువై తీగ 1వ ఫ్రెట్‌కు తగిలి బర్రుమంటుంది, అప్పుడిక నట్టే మార్చాలి.

మూడోది ఒక్కో తీగను ఒక్కో ఫ్రెట్‌లో నొక్కుకుంటూ 12 దాకా పోవడం. ఎక్కడైనా బర్రుమంటే ఆ ముందున్న ఫ్రెట్ లేచి ఉందని అర్థం. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగు మిల్లీమీటర్లుంటే శాడిల్ అడుగు భాగం అరగదీయించాలి. ఫ్రెట్‌బోర్డ్ అంచుల మీద వేలితో రాసి చూడండి, ఫ్రెట్ కొనలు గుచ్చుకోకూడదు.

తీగల శ్రుతి ఏమిటి? పైనున్న తీగ సన్నగా పలుకుతోందేం?

వాయిద్యం ఒళ్లో ఉన్నప్పుడు మీ మొహానికి దగ్గరగా ఉండేది నాలుగో తీగ, నేలవైపు ఉండేది ఒకటో తీగ. నాలుగు నుంచి ఒకటి దాకా వరుసగా: జి (392 హెర్ట్జ్), సి (261.6), ఇ (329.6), ఎ (440).

అంటే అన్నిటికంటే మంద్రంగా పలికేది మూడో తీగ. నాలుగోది గిటార్‌లోలాగా లావుగా ఉండదు, ఇ కంటే కూడా పైన పలుకుతుంది. అది లోపం కాదు, యుకులేలే గలగలకు మూలమే అది. కింది స్వరాలు కావాలనుకునేవాళ్లు నాలుగో తీగ బదులు లో-జి అనే వేరే తీగ వేస్తారు, అది 196 హెర్ట్జ్‌లో పలుకుతుంది. ఉన్న తీగనే వదులు చేసి అక్కడికి దించాలనుకుంటే కుదరదు, తీగ ఊగులాడుతుంది తప్ప పలకదు.

ట్యూన్ చేస్తుంటే తీగ పుటుక్కున తెగింది. ఎందుకు?

చాలాసార్లు ట్యూనర్ అక్షరం మాత్రమే చూపిస్తుంది, స్థాయి చూపించదు. ఎ దాటిపోయిందని గమనించక ఇంకో ఎ వచ్చేదాకా బిగిస్తూ పోతే తీగ తెగుతుంది. జి4, సి4, ఇ4, ఎ4 అని అంకె కూడా చూపించే యాప్ వాడండి, లేదా యాప్‌లో యుకులేలే అన్న ఎంపిక పెట్టుకోండి. ఇంకో కారణం, తిప్పుతున్న కీ (తీగను బిగించే మర) ఒక తీగది, మీటుతున్న తీగ వేరొకటి. నవ్వొస్తుంది గాని కొత్తలో అందరూ చేసే పనే. మీటిన తీగ ఏ కీకి పోతోందో కంటితో చూసుకుంటూ వెళ్లండి.

శ్రుతి చేసిన పది నిమిషాలకే దిగిపోతోంది. వాయిద్యం పాడైందా?

కొత్త తీగలైతే పాడవలేదు. ఇవి నైలాన్, ఫ్లోరోకార్బన్ తీగలు, ఇనుప తీగల్లా కావు. బిగించాక వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి. త్వరగా కుదురుకోవాలంటే శ్రుతి చేశాక ఒక్కో తీగను 12వ ఫ్రెట్ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని సెంటీమీటరు మేర మెల్లగా పైకి లాగి వదలండి, నాలుగైదు సార్లు. మళ్లీ శ్రుతి చేయండి. రోజూ ఇలా చేస్తే మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది.

రెండు వారాలైనా నిలవకపోతే కీలు చూడండి. వెనక్కి పొడుచుకొచ్చి ఉండే ఫ్రిక్షన్ కీలైతే వాటి చివర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని పావు చుట్టు బిగిస్తే జారడం ఆగుతుంది. పక్కకి ఉండే గేర్ కీలు జారడం తక్కువ. ఏ కీలైనా స్వరాన్ని ఎప్పుడూ కింది నుంచి పైకి తెచ్చి ఆపాలి. పైకి పోతే బాగా కిందికి దించి మళ్లీ పైకి తీసుకురావాలి. పై నుంచి దించి అక్కడే వదిలేస్తే గేర్‌లో మిగిలిన వదులు కాస్త వాయిస్తుండగా జారిపోతుంది.

ఇనుప తీగలు వేస్తే మోత పెరుగుతుందా?

వేయకండి. ఆ బిగువుకు బ్రిడ్జ్ (తీగల కింది కొసలు కట్టే చెక్క) ఊడి వస్తుంది.

ఎలా పట్టుకోవాలి?

కుడి ముంజేయి వాయిద్యాన్ని ఒంటికి అదిమి పట్టాలి, బరువు అక్కడే ఆగాలి. ఎడమ చేతి పని తీగలు నొక్కడమే, మోయడం కాదు. పరీక్ష తేలిక: ఎడమ చెయ్యి పూర్తిగా తీసేయండి, వాయిద్యం కదలకుండా ఉండాలి. తల భాగం కిందికి జారితే పట్టీ వేసుకోండి. ఎడమ బొటనవేలు మెడ వెనక చూపుడు, నడిమి వేళ్లకు ఎదురుగా ఉంటుంది. మెడను గుప్పిట్లో ముంచేస్తే వేళ్లు తీగల మీద పడుకుని పక్క తీగను మూసేస్తాయి.

మొదట ఏ కార్డ్‌లు నేర్చుకోవాలి?

సి, ఎ మైనర్, ఎఫ్, జి7. అంకెలు నాలుగో తీగ నుంచి ఒకటో తీగ వరకు ఫ్రెట్‌లను చెబుతాయి, 0 అంటే ఖాళీ తీగ.

సి: 0003, ఉంగరపు వేలు
ఎ మైనర్: 2000, నడిమి వేలు
ఎఫ్: 2010, నడిమి వేలు నాలుగో తీగ మీద, చూపుడు వేలు రెండో తీగ మీద
జి7: 0212, చూపుడు వేలు రెండో తీగ మీద, నడిమి వేలు మూడో తీగ మీద, ఉంగరపు వేలు ఒకటో తీగ మీద

ఏ వేలు అన్నది ఊరికే చెప్పింది కాదు. ఎ మైనర్ నుంచి ఎఫ్‌కు పోయేటప్పుడు నడిమి వేలు కదలదు, చూపుడు వేలు చేరుతుందంతే. ఎఫ్ నుంచి జి7కు పోయేటప్పుడు చూపుడు వేలు అక్కడే ఉంటుంది. మొదటిరోజు ఎ మైనర్‌ను చూపుడు వేలితో అలవాటు చేసుకుంటే ఈ సదుపాయం పోతుంది.

ఆ తర్వాత జి (0232), డి మైనర్ (2210), ఎ7 (0100), ఇ మైనర్ (0432). బి ఫ్లాట్ (3211) చివర్లో. చూపుడు వేలు అడ్డంగా పడుకుని ఒకటి, రెండు తీగలను 1వ ఫ్రెట్‌లో కలిపి నొక్కాలి, అందుకే అందరినీ ఏడిపిస్తుంది. నట్ ఎత్తుగా ఉన్న వాయిద్యంలో ఇది పలకదు, మీ వేలిని తిట్టుకోకండి. ఇ మేజర్ (4442) కూడా అలాంటిదే. చాలా పాటల్లో దాని చోట ఇ7 (1202) పెట్టినా వినేవాళ్లకు ఇబ్బంది ఉండదు.

కార్డ్ మార్చే చోట ప్రతిసారీ ఆగిపోతున్నాను.

పాటను పక్కన పెట్టి రెండు కార్డ్‌లే తీసుకోండి. ఒక నిమిషం టైమర్ పెట్టి సి నుంచి ఎఫ్, ఎఫ్ నుంచి సి మార్చుకుంటూ ఎన్నిసార్లు శుభ్రంగా పలికిందో లెక్కపెట్టండి. నిమిషానికి 30 మార్పులు వచ్చాక పాటలోకి వెళ్లండి. వేళ్లను తీగల నుంచి ఎత్తేటప్పుడు సెంటీమీటరు కంటే దూరం పోనివ్వకండి, ఆలస్యమంతా అక్కడే పుడుతుంది.

పాటలో ఉన్నప్పుడు మాత్రం నియమం మారుతుంది: కార్డ్ అందకపోయినా కుడి చెయ్యి ఆగకూడదు. ఖాళీ తీగలైనా మీటండి. తాళం తప్పితే ఎవరికైనా తెలుస్తుంది, ఒక్క కార్డ్ తప్పితే చాలామందికి తెలియదు.

ఒక తీగ మూగగా "టక్" అంటోంది.

మూడు చోట్ల చూడండి. వేలు ఫ్రెట్‌కు దూరంగా ఉందా? ఫ్రెట్ లోహానికి ఆనుకుని, దాని వెనకే నొక్కాలి. పక్క వేలి కండ ఆ తీగకు తగులుతోందా? సి కార్డ్‌లో ఉంగరపు వేలు వాలిపోయి రెండో తీగకు తగలడం మామూలు. ఎడమ చేతి గోళ్లు పెరిగాయా? గోరు ముందు ఫ్రెట్‌బోర్డ్‌కు తగిలితే వేలు నిలబడదు.

స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) ఎక్కడ, ఎలా?

గిటార్‌లోలాగా గుండ్రటి రంధ్రం మీద కాదు, మెడ వచ్చి డొల్ల భాగానికి కలిసే చోట. మెత్తని, నిండు మోత అక్కడే వస్తుంది. చూపుడు వేలు కిందికి పోతున్నప్పుడు గోరు తగలాలి, పైకి వస్తున్నప్పుడు వేలి కండ తగలాలి. మోచేయి కాదు, మణికట్టు తిరగాలి. గిటార్ ప్లాస్టిక్ పిక్ అక్కర్లేదు.

ముందు మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు వినిపించే సాధనం) 60 మీద పెట్టి దెబ్బకొకటి కిందికి. అది నిలిచాక "కింద, కింద-పైన, పైన-కింద-పైన". ఇందులో మూడో దెబ్బ మీద చెయ్యి తీగలకు తగలకుండా కిందికి పోవాలి. ఆ ఖాళీ ఊపును మానేసి చెయ్యి ఆపినవాళ్లకే ఈ వరుస రాదు.

మన జానపదాల్లో, సినిమా పాటల్లో తిశ్ర నడక చాలా ఉంటుంది. "తకిట తకిట" అనుకుంటూ "కింద-కింద-పైన, కింద-కింద-పైన" వేయండి. ఒకటి విడిచి ఒకటి కింద-పైన వేసుకుంటూ పోతే రెండో "త" పైకి వచ్చే ఊపు మీద పడి దాని నొక్కు పోతుంది.

పాడుతూ వాయిస్తే నా గొంతుకు శ్రుతి అందడం లేదు.

మీది ఎన్నో శ్రుతో ముందు తెలుసుకోండి. ఒకటో శ్రుతి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ. ఒకటో శ్రుతిలో పాడేవాళ్లకు సి, ఎ మైనర్, ఎఫ్, జి కుటుంబం నేరుగా సరిపోతుంది. ఒకటిన్నరకు అవే కార్డ్‌లు, 1వ ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర కలిపి నొక్కి ఉంచే బిగింపు). రెండుకు 2వ ఫ్రెట్‌లో కాపో.

ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులకు ఇలా పోతే కాపో 7వ ఫ్రెట్‌కో ఇంకా పైకో పోతుంది, వేళ్లకు చోటుండదు. అప్పుడు జి, ఇ మైనర్, సి, డి కుటుంబం తీసుకోండి. ఐదుకు కాపో లేకుండా, ఐదున్నరకు 1వ ఫ్రెట్, ఆరుకు 2వ ఫ్రెట్. యుకులేలే కాపో చిన్నది కొనండి, గిటార్ కాపో బరువుకు తల వాలిపోతుంది.

కర్ణాటక సంగీతం దీని మీద వస్తుందా?

కొంతవరకు, సరదాగా. సి ని షడ్జంగా పెట్టుకుంటే ఖాళీ తీగలు నాలుగూ పంచమం, షడ్జం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం అవుతాయి. నాలుగూ మోహన రాగంలోవే. అందుకే మోహనం దీని మీద వేళ్లకు దానంతటదే వస్తుంది. సరి మూడో తీగ మీద (ఖాళీ, 2వ ఫ్రెట్), గప రెండో తీగ మీద (ఖాళీ, 3వ ఫ్రెట్), ద స ఒకటో తీగ మీద (ఖాళీ, 3వ ఫ్రెట్). పై స్థాయిలో ఒకటో తీగ మీదే రి 5వ ఫ్రెట్‌లో, గ 7లో, ప 10లో.

సరళీ వరుసలకు మాయామాళవగౌళ: మూడో తీగ ఖాళీ, 1వ ఫ్రెట్ (స రి), రెండో తీగ ఖాళీ, 1, 3, 4 (గ మ ప ద), ఒకటో తీగ 2, 3 (ని స). వెనక తంబూరా యాప్ సి లో పెట్టుకుంటే చెవికి ఊత ఉంటుంది.

ఇక పరిమితులు. వీణలోలాగా తీగను పక్కకు లాగి గమకం తీయాలంటే ఈ పొట్టి నైలాన్ తీగ అంత ఎడం ఇవ్వదు. జారు మాత్రం బాగా వస్తుంది. నాదం కూడా త్వరగా ఆరిపోతుంది కాబట్టి విళంబంలో ఖాళీలు మిగులుతాయి. మామూలు తీగలతో మంద్రస్థాయి అసలు ఉండదు. లో-జి వేస్తే మంద్ర ప, ద, ని నాలుగో తీగ మీద ఖాళీ, 2, 4లో దొరుకుతాయి. గీతాలు, చిన్న కృతుల పల్లవుల వరకు హాయిగా ఉంటుంది. తోడి, భైరవి జోలికి పోకండి.

గిటార్ వచ్చు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?

అక్కర్లేదు. గిటార్ కింది నాలుగు తీగలకు 5వ ఫ్రెట్‌లో కాపో పెట్టినట్టే దీని శ్రుతి, నాలుగో తీగ ఒక్కటే స్థాయి పైన ఉంటుంది. గిటార్‌లో మీరు పట్టే డి ఆకారం ఇక్కడ జి, జి ఆకారం సి. ఆకారాలు చేతికి వచ్చినవే, పేర్లే మారతాయి. ఫింగర్‌పికింగ్‌లో మాత్రం బొటనవేలు బేస్ కోసం నాలుగో తీగ మీదికి పోతే అక్కడ సన్న స్వరం ఎదురవుతుంది, కొన్నాళ్లు తికమక తప్పదు.

ఎడమ చేతివాటం వాళ్లు?

మామూలుగానే నేర్చుకోవచ్చు, రెండు చేతులకూ పని కొత్తదే. తిప్పి పట్టుకోవాలనుకుంటే తీగలను తిరగేసి వేయించాలి. సి తీగ, ఇ తీగ మందాలు వేరు కాబట్టి నట్ గాడులు కూడా సరిచేయించాలి.

వేలి కొసలు నొప్పి పెడుతున్నాయి.

రెండు వారాల్లో చర్మం గట్టిపడుతుంది. రోజుకు 15 నిమిషాలు చాలు, ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. స్నానం చేసి వచ్చిన వెంటనే వాయించకండి, చర్మం నాని ఉంటుంది. నొప్పి వేలి కొసలో కాక మణికట్టులోనో, బొటనవేలి మొదట్లోనో ఉంటే అది అలవాటుతో పోయేది కాదు. ఆపి, పట్టు సరిచూసుకోండి.

తీగలు ఎప్పుడు మార్చాలి, ఎలా?

రోజూ వాయించేవాళ్లు ఆరు నెలలకోసారి. ఫ్రెట్‌ల దగ్గర తీగ అడుగున గోరుతో రాస్తే నొక్కులు తగిలితే అప్పుడే మార్చేయాలి, శ్రుతి చెడిపోయేది వాటివల్లే.

అన్నీ ఒకేసారి ఊడదీయకుండా ఒక్కొక్కటే మార్చండి. బ్రిడ్జ్‌కు ముడి వేసే రకమైతే తీగను రంధ్రం గుండా వెనక్కి తోసి ఐదారు సెంటీమీటర్లు వదిలి, కొసను పైకి తెచ్చి అసలు తీగ కింద నుంచి తీసి, దానికే రెండుసార్లు మెలిపెట్టండి. చివరి మెలిక బ్రిడ్జ్ పై అంచు మీద కాకుండా వెనక వైపు పడాలి. పైన పడితే బిగిస్తుంటే ముడి జారి, తీగ కొస కొరడాలా కొట్టి చెక్క మీద గాటు పెడుతుంది. ముందు జాగ్రత్తకు బ్రిడ్జ్ వెనక అట్టముక్క పెట్టుకోండి. కీ దగ్గర రెండు మూడు చుట్లు పడితే చాలు. శ్రుతికి వచ్చాకే మిగిలిన కొస కత్తిరించండి.

మే నెల ఎండల్లో, వానాకాలంలో ఎలా దాచాలి?

చెక్కకు 40 నుంచి 60 శాతం తేమ హాయి. తెలంగాణ, రాయలసీమ వేసవిలో, రోజంతా ఏసీ నడిచే గదిలో తేమ అంతకంటే పడిపోతుంది. చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ కొనలు బయటికి పొడుచుకు రావడం మొదటి గుర్తు. రంధ్రాలు పెట్టిన సబ్బు డబ్బాలో పిండిన స్పాంజి ముక్క పెట్టి కేసులో ఉంచండి, నీళ్లు కారకూడదు. విశాఖ, కాకినాడ వైపు వానల్లో ఇబ్బంది తిరగబడుతుంది. పై చెక్క ఉబ్బి తీగలు ఎత్తవుతాయి, అక్కడ సిలికా జెల్ పొట్లాలు వేయాలి.

ఎక్కడున్నా, ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది, లామినేట్‌కైనా అదే గతి.

ఇది హవాయి వాయిద్యమేనా?

పుట్టింది అక్కడే, పోలిక పోర్చుగల్‌ది. 1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను హొనొలులు తెచ్చింది. అందులో వచ్చిన వడ్రంగులు మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియస్, జోసే దో ఎస్పిరితు సాంతో తమ ఊళ్లోని మషేత్ అనే చిన్న వాయిద్యాన్ని బట్టి, అక్కడి కోవా అనే చెట్టు చెక్కతో వీటిని చేశారు. రాజు కలాకౌవా ఆదరించాడు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో అమెరికా అంతా ఆ మోజు పాకింది. ఆ మరుసటి ఏడు హొనొలులులో మొదలైన కమాకా కంపెనీ ఇప్పటికీ యుకులేలేలు చేస్తోంది.

అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట సాధన చేయొచ్చా?

చేయొచ్చు. బ్రిడ్జ్‌కు ఆనించి తీగల కింద మడతపెట్టిన చేతిరుమాలు దూర్చండి. మోత బాగా తగ్గుతుంది, స్వరం మాత్రం తెలుస్తూనే ఉంటుంది. కార్డ్ మార్పులకు, స్ట్రమ్మింగ్ వరుసలకు ఇది చాలు. శ్రుతి చేయడానికి మాత్రం రుమాలు తీసేయాలి, లేకపోతే ట్యూనర్‌కు స్వరం అందదు.